చెమట ఆరని ఊళ్లో చేతులెందుకు పగులుతున్నాయి?

విశాఖపట్నంలో చర్మం ఎండిపోయిందంటే ఎవరూ తొందరగా నమ్మరు. ఆరేసిన తువ్వాలు మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటుంది. ఫ్యాను కింద కూర్చున్నా మెడ మీద జిడ్డు వదలదు. చర్మం పగలడం అంటే మనకు గుర్తొచ్చేది లంబసింగి చలి, పాడేరు పొగమంచు. కానీ ఇదే ఊళ్లో ఆసుపత్రి నర్సులు, టిఫిన్ సెంటర్లలో ప్లేట్లు కడిగేవాళ్లు, రొయ్యలు ఒలిచేవాళ్లు, పార్లర్లలో తలలు కడిగే అమ్మాయిలు, పసిబిడ్డల తల్లులు మే నెలలో అడిగినా డిసెంబరులో అడిగినా ఒకే బాధ చెబుతారు. చేతులు గరుకెక్కాయి, వేలి కణుపుల మీద చీలికలు వచ్చాయి, అన్నంలో పచ్చడి కలిపితే ప్రాణం పోయినంత మంట.

కారణం అడిగితే మాత్రం తలో మాట. కరోనా రోజుల నుంచి శానిటైజర్ మీద అనుమానం. కొందరు సబ్బునంటారు, కొందరు బోరు నీళ్లనంటారు, పెద్దవాళ్లు ఒంట్లో వేడి చేసిందంటారు. మందుల షాపులో అడిగితే ఫంగస్ అంటారు. వీటిలో కొన్నిట్లో కొంత నిజముంది, ఒకటి రెండు మాత్రం ప్రమాదకరమైన పొరపాట్లు. విడదీసి చూస్తే అసలు సంగతి అంత చిక్కుదేం కాదు. చేతుల్ని ఎండబెట్టేది గాలి కంటే ముందు నీళ్లే.

## అరచేతికి చెమట ఉంది, నూనె లేదు

చర్మానికి అన్నిటికంటే పైన ఉండేది చనిపోయిన కణాల పొర. డాక్టర్లు దాన్ని స్ట్రాటమ్ కార్నియం అంటారు. ఒంట్లో చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం బాగా మందం. బల్లపరుపు కణాలు పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటి సందుల్ని సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆమ్లాలు అనే కొవ్వులు పూడుస్తాయి. లోపలి తడి బయటికి పోకుండా, బయటి రసాయనాలు లోపలికి దిగకుండా ఆపేది ఈ కొవ్వులే. ఇక ఆ కణాల లోపల అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టేట్ లాంటివి కాసిన్ని ఉండి నీటిని పట్టి ఉంచుతాయి. వేలు వంచినప్పుడు చర్మం చిట్లకుండా సాగేది వాటి వల్లే.

ముఖం మీద, నెత్తి మీద ఇవి చాలక నూనె గ్రంథులు కూడా పనిచేస్తుంటాయి. అరచేతిలో అవి అసలు లేవు. చెమట గ్రంథులు మాత్రం అక్కడ చాలా దట్టంగా ఉంటాయి. చెమటంటే ఉప్పు కలిసిన నీరు. అది ఆరితే మిగిలేది ఉప్పే తప్ప నూనె కాదు. విశాఖ ఉక్కపోత చేతులకు కాపలా కాయలేకపోవడానికి కారణం ఇదే. అలాగని గాల్లో తేమ వల్ల ఉపయోగమే లేదనలేం. పొడిగాలి వీచే ఊళ్లలో ఇదే పని చేసేవాళ్లు ఇంకా ఎక్కువ బాధపడతారు. ఇక్కడ కూడా రోజంతా ఏసీలో ఉండే ఐసీయూ సిబ్బందికి ఆ కాస్త సాయం అందదు.

చేతి వెనకవైపు చర్మం పల్చన. అందుకే బాధ ముందు అక్కడ, వేళ్ల సందుల్లో, కణుపుల మీద మొదలవుతుంది. ఉంగరం పెట్టుకునేవాళ్లకు ఇంకా ముందే తెలుస్తుంది. ఉంగరం తీసి చూస్తే దాని కింద వేలి చుట్టూ ఎర్రటి చార, ఆ చార అంచున సన్నటి పొట్టు. చేతులు కడిగినప్పుడు సబ్బు నీళ్లు ఉంగరం కింద చిక్కుకుంటాయి, తువ్వాలుతో తుడిచినా పోవు. చాలామంది అది చూసి బంగారం పడలేదనుకుంటారు.

## నీళ్లలో నానితే ఎండిపోవడం ఎలా?

చేతులు నీళ్లలో పెట్టగానే పైపొర కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఉబ్బినప్పుడు వాటి మధ్య ఉన్న కొవ్వుల వరస చెదురుతుంది. నీటిని పట్టి ఉంచే అమైనో ఆమ్లాలూ యూరియా నీళ్లలో కరిగేవే కాబట్టి కొంత కొంత కొట్టుకుపోతాయి. చెయ్యి బయటికి తీశాక పీల్చిన నీరంతా ఆవిరైపోతుంది, దాని వెనకే లోపలి తడి కూడా మునుపటికంటే సులువుగా బయటపడుతుంది. ఒకసారి తడిసి ఆరితే ఆరోగ్యమైన చర్మం తనంతట తానే సర్దుకుంటుంది. సర్దుకునేలోపే మళ్లీ తడిస్తేనే తంటా. అందుకే గంటసేపు ఏకధాటిగా నీళ్లలో ఉండటం ఎంత చేటో, ఆ గంటలో పదిసార్లు తడిపి పదిసార్లు ఆరబెట్టడం కూడా అంతే చేటు.

వేడినీళ్లయితే నష్టం ఇంకా ఎక్కువ. వేడినీళ్లతో కడిగితే క్రిములు ఎక్కువ చస్తాయని చాలామంది నమ్మకం. చెయ్యి భరించగలిగే వేడికి క్రిములు చావవు, చర్మంలో కొవ్వు మాత్రం కరుగుతుంది.

మాటలో మాట. నీళ్లలో నానిన వేలికొసలు ముడతలు పడటం చర్మం ఉబ్బడం వల్ల కాదు. నరాలు చెప్పడంతో లోపలి రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల. నరం తెగిన వేలు ఎంతసేపు నానబెట్టినా ముడత పడదు.

కొవ్వుల కాపలా పలచబడ్డాక సబ్బు, నిమ్మరసం, కారం, చేపల నీచు నీళ్లు లోపలి పొరల్ని తాకడం మొదలుపెడతాయి. అప్పుడు ఎరుపు, వాపు, మంట, చివరికి చీలికలు. ఈ దశనే ఇరిటెంట్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు, అలర్జీ కాదు, నెత్తురు చెడిపోవడం అంతకంటే కాదు. ఒకే పని తగినన్నిసార్లు చేస్తే ఎవరికైనా రావచ్చు. చిన్నప్పటి నుంచి ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడి గరుకెక్కే జబ్బు), ఉబ్బసం ఉన్న కుటుంబాల వాళ్లకు తొందరగా వస్తుంది, అంతే తేడా.

## టీఎఫ్ఎం, పీహెచ్, అంట్ల సబ్బు

కొవ్వునో నూనెనో క్షారంతో ఉడికిస్తే వచ్చేది సబ్బు. అందుకే మామూలు సబ్బు నురగ పీహెచ్, అంటే పులుపు, క్షార గుణాల కొలత, 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఆరోగ్యమైన చర్మం పైభాగం కాస్త పుల్లన, అంటే దాదాపు 5. ఈ కొలతలో ఒక్కో అంకె పెరిగితే తేడా పది రెట్లవుతుంది. 5 నుంచి 6కి పది రెట్లు, 7కి వంద, 8కి వెయ్యి, 9కి పదివేలు. ఇంత తేడా ఉన్నా ఒక్కసారి కడుక్కుంటే ఏమీ కాదు, చర్మం మళ్లీ తన పులుపు తెచ్చుకుంటుంది. పొద్దున్నే నాలుగు కాన్పులు చూసిన నర్సుకు ఆ వ్యవధే దొరకదు.

ఇక్కడ సబ్బు అట్టల మీద ఉండే టీఎఫ్ఎం గురించి ఒక గందరగోళం ఉంది. సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం శాతం అది. మన దేశ ప్రమాణాల ప్రకారం గ్రేడ్ 1 టాయిలెట్ సబ్బులో కనీసం 76 శాతం, గ్రేడ్ 2లో 70, గ్రేడ్ 3లో 60 ఉండాలి. 76 శాతం అని చూసి చర్మానికి అంత కొవ్వు అందుతుందనుకుంటారు. అది నిజం కాదు. ఆ కొవ్వు అప్పటికే సబ్బుగా మారిపోయింది. సబ్బులో సరుకెంత, నింపుడు పిండి ఎంత అన్నది మాత్రమే ఆ అంకె చెబుతుంది. నాసిరకం సబ్బు తీసేసి గ్రేడ్ 1కి మారితే కొంత తేడా తెలిసే మాట నిజమే, కానీ క్షారగుణం రెండిట్లోనూ ఉంటుంది. టీఎఫ్ఎం తక్కువున్న కొన్ని బేతింగ్ బార్లు చర్మానికి సబ్బు కంటే మెత్తగా ఉంటాయి. వాటిలో అసలు సబ్బుకు బదులు సిండెట్ అనే వేరే రకం శుభ్రపరిచే పదార్థం వాడతారు, పీహెచ్ కూడా 5.5కీ 7కీ మధ్య ఉంటుంది. అట్ట మీద టాయిలెట్ సోప్ అని ఉందా బేతింగ్ బార్ అని ఉందా అన్నది ఎవరూ చదవరు. బేతింగ్ బార్లన్నీ సిండెట్లు కావు కాబట్టి చదివినా పూర్తిగా తేలదు.

ఒంటి సబ్బు మీద ఇంత చర్చ జరుగుతుంది గానీ, ఇళ్లలో చేతుల్ని ఎక్కువగా పాడుచేసేది అది కాదని నా అభిప్రాయం. అంట్ల సబ్బులో, బట్టల పౌడర్లో సోడా ఉంటుంది, సబ్బు కంటే ఘాటైన డిటర్జెంటు ఉంటుంది, అంట్ల సబ్బులో గీకే పొడి కూడా కలుపుతారు. దానికి తోడు స్టీలు పీచు. మన అమ్మమ్మలు బూడిదతో తోమేవాళ్లు, అప్పుడీ బాధలు లేవు అనే మాట కూడా వింటుంటాం. బూడిదలో ఉన్నదీ క్షారమే. కుంకుడు కాయ రసం మాత్రం నిజంగా కాస్త ఆమ్లగుణం ఉన్నది, కానీ దాంతో అంట్లు తోమినవాళ్లు తక్కువ.

క్రిములు చంపే సబ్బు అని రాసి ఉన్నవి మేలు కదా అంటే, ఇంట్లో వాడకానికి మామూలు సబ్బు కంటే అవి ఎక్కువ కాపాడతాయనే రుజువు లేదంటూ 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ట్రైక్లోసాన్ అనే క్రిమిసంహారకంతో కలిపి 19 పదార్థాల్ని చేతులు కడిగే సబ్బుల నుంచి తీసేయమంది. మనవాళ్లు బకెట్లో యాంటీసెప్టిక్ మందు మూతలకు మూతలు కలిపి చేతులు ముంచడం కూడా ఈ కోవలోదే. క్రిముల మీద ప్రభావం ఎంతైనా, చర్మం మీద మాత్రం గట్టిగానే ఉంటుంది.

## మేఘాద్రిగెడ్డ నీళ్లా, బోరు నీళ్లా?

విశాఖకు మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ లాంటి జలాశయాల నుంచి కుళాయి నీళ్లు వస్తాయి. అవి చాలని అపార్ట్‌మెంట్లలో బోరు, వేసవిలో ట్యాంకరు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే వాటిని కఠిన జలం అంటారు. సబ్బు ఆ లవణాలతో కలిసి నురగ రాకుండా తెల్లటి తెట్టు కడుతుంది. నురగ రాలేదని మనం ఇంకా రుద్దుతాం. ఆ తెట్టు కొంత చర్మం మీదే ఉండిపోతుంది. ఇంతవరకు బోరు నీళ్ల మీద ఫిర్యాదు సబబే.

కానీ నీళ్లు మెత్తబరిస్తే చర్మం బాగవుతుందా? 2011లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల్లో కొందరి ఇళ్లకు వాటర్ సాఫ్ట్‌నర్లు బిగించి చూశారు. మామూలు చికిత్స మాత్రమే తీసుకున్న పిల్లలతో పోలిస్తే వాళ్ల ఎగ్జిమా ఎక్కువేం తగ్గలేదు. అది పిల్లల ఎగ్జిమా మీద చేసిన పని, పెద్దల చేతుల మీద కాదు. అయినా మీటింగులో కూర్చుని లక్షల ఖర్చుతో సాఫ్ట్‌నర్ ప్లాంటు గురించి చర్చించే అసోసియేషన్లకు ఇది తెలిస్తే మంచిదే. సిండెట్ రకం బార్లు, లిక్విడ్లు కఠిన జలంలో కూడా తెట్టు కట్టవు.

## ఎన్నిసార్లు కడిగితే ఎక్కువ?

వృత్తి చర్మవ్యాధులు చూసే నిపుణులు తడి పని అనే మాట వాడతారు. ఎక్కువగా చెప్పుకునే లెక్క ఇది: రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, రెండు గంటలకు మించి గాలి ఆడని గ్లౌజుల్లో ఉన్నా, 20 సార్లకు మించి చేతులు కడిగినా అది తడి పని. ఈ గీత దాటగానే పగుళ్లు వస్తాయని కాదు, అక్కడి నుంచి ముప్పు పెరుగుతుందని.

ఈ లెక్కను మన ఊరి పనులకు వేసి చూద్దాం. వార్డులో ఒక నర్సు గంటకు ఐదుసార్లు చేతులు శుభ్రం చేసుకుంటుందనుకుంటే ఎనిమిది గంటల డ్యూటీలో 40 సార్లు. మద్దిలపాలెంలో ఏదో ఒక టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడిగే మనిషి పొద్దున ఆరింటి నుంచి పదకొండింటి దాకా కడుగుతుంది. మధ్యలో బల్లలు తుడవడం, నీళ్లు మోయడం తీసేసినా చేతులు తడిలో ఉండేది మూడు గంటలకు తగ్గదు. ఈ ఇద్దరూ లెక్కలోకి వస్తారని ఎవరికైనా తెలుస్తుంది.

ఇంటావిడ లెక్క మాత్రం ఎవరూ వేయరు. వంటలో కూరగాయలు, బియ్యం, పోపు మధ్య ఆరుసార్లు. బాత్రూమ్‌కు వెళ్లొచ్చి ఐదుసార్లు. పసిబిడ్డ గుడ్డలు మార్చి, తినిపించి మరో ఎనిమిదిసార్లు. పూజకు ముందు, భోజనానికి ముందు, వెనక మూడు నాలుగుసార్లు. అప్పుడే 22, 23 అయింది. ఇక రెండు పూటలా అంట్లు గంట, బట్టలు జాడించడం, ఇల్లు తడిగుడ్డ పెట్టడం కలిపి మరో గంట. ఉద్యోగం లేని మనిషి పొద్దస్తమానం తడి పనిలో ఉందన్నమాట. డాక్టరు ఏం పని చేస్తావమ్మా అని అడిగితే ఇంట్లోనే ఉంటానండీ అంటుంది, చీటీలో గృహిణి అని పడుతుంది, కారణం అక్కడే తప్పిపోతుంది.

## శానిటైజర్ మీద నింద ఎంతవరకు న్యాయం?

ఆల్కహాల్ చర్మాన్ని ఎండబెడుతుందనేది అందరికీ అనుభవంలో ఉన్న మాట. పగిలిన చేతి మీద శానిటైజర్ వేస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే. మంట పెట్టింది కాబట్టి పగులు కూడా అదే తెచ్చిందని అనుకోవడం సహజం.

అయితే ఆసుపత్రి సిబ్బంది చేతుల మీద చేసిన పోలికల్లో చాలావరకు ఫలితం దీనికి ఎదురుగా వచ్చింది. గ్లిజరిన్ కలిపిన ఆల్కహాల్ రబ్, అంటే ఆసుపత్రి శానిటైజర్, వాడినవాళ్ల చేతులు, సబ్బు నీళ్లతో పదేపదే కడిగినవాళ్ల చేతుల కంటే తక్కువ ఎండాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఆల్కహాల్ కొంత కొవ్వును కరిగిస్తుంది కానీ కడిగి మోరీలో పోయదు. ఆల్కహాల్ ఆరిపోయాక ఆ కొవ్వు చేతి మీదే మిగులుతుంది. కణాలు నీరు పీల్చి ఉబ్బడం లేదు, తువ్వాలు రాపిడి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఒక మిశ్రమంలో 80 శాతం ఇథనాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరాల్, అంటే గ్లిజరినే, ఉంటుంది. ఆ కాస్త గ్లిజరాల్ ఉన్నది చర్మం కోసమే. చేతికి మురికి కనిపించనప్పుడు ఆసుపత్రుల్లో రబ్‌కే మొదటి చోటు ఇవ్వమని అదే సంస్థ 2009 మార్గదర్శకాలు చెప్పాయి.

మరి ఎండబెడుతుందన్నవాళ్లదంతా తప్పేనా? కాదు. గ్లిజరిన్ లేని, ఘాటైన సువాసన కలిపిన చవక రకాలు చిరాకు పెడతాయి. అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది రెండూ కలిపి వాడటం. సబ్బుతో కడిగి, ఇంకా తడి ఆరకముందే శానిటైజర్ రాస్తే చర్మానికి రెండు దెబ్బలూ తగులుతాయి, శుభ్రతలో అదనంగా కలిసొచ్చేదేం లేదు. ఇక రబ్ పనికిరాని చోట్లూ ఉన్నాయి. చేపల నీచు, నూనె జిడ్డు, మట్టి ఉన్న చేతికి అది చాలదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద దాని బలం తక్కువ. వంటవాళ్లకు, చేపలు కోసేవాళ్లకు సబ్బు తప్పదు.

## వాజలీనా, కొబ్బరినూనా, క్రీమా?

రాసుకునేవన్నీ మూడు పనుల్లో ఏదో ఒకటో రెండో చేస్తాయి. పైన మూతలా కప్పి తడి పోకుండా ఆపడం ఒకటి. పెట్రోలియం జెల్లీ ఇందులో మేటి, 1872 నాటి అమెరికన్ పేటెంటు నుంచీ దానికి సరైన పోటీ రాలేదు. నీటిని పట్టి ఉంచడం రెండోది, గ్లిజరిన్, యూరియా ఈ పని చేస్తాయి. గరుకు సందుల్ని నింపి మెత్తబరచడం మూడోది, నూనెలు చేసేది ఎక్కువగా ఇదే.

కొబ్బరినూనె గురించి మనవాళ్ల నమ్మకం వట్టిది కాదు. పొడిచర్మం మీద మినరల్ ఆయిల్‌తో పోల్చి చూస్తే అది కూడా అంతే బాగా పనిచేసింది. పొద్దుతిరుగుడు నూనెకు కూడా మంచి పేరే ఉంది. ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం చర్మం పైపొరను ఇంకాస్త వదులు చేస్తాయని పరీక్షల్లో కనిపించింది. ఖరీదైనది కదా అని ఆలివ్ నూనె రాసేవాళ్లకు ఇది చేదు వార్తే. గ్లిజరిన్, పన్నీరు, నిమ్మరసం కలిపి రాసే పాత చిట్కాలో మొదటి రెండిటితో పేచీ లేదు. నిమ్మరసమే వద్దు. చీలికల్లో మంట సరే, నిమ్మరసం పడిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నెలల తరబడి పోని నల్లమచ్చలు వస్తాయి. 10 శాతం యూరియా క్రీము గరుకు చేతికి బాగా పనిచేస్తుంది, తెరుచుకున్న చీలిక మీద మాత్రం చురుక్కుమంటుంది.

లోషన్, క్రీము, ఆయింట్‌మెంటు అని మూడు పేర్లు ఎందుకంటే నీటి పాలు వేరు కాబట్టి. లోషన్లో నీళ్లు ఎక్కువ, త్వరగా ఇంకుతుంది, త్వరగా పోతుంది. ఆయింట్‌మెంటులో నీళ్లు ఉండవు లేదా నామమాత్రం, జిడ్డు ఎక్కువ, పట్టు కూడా ఎక్కువ.

క్రీము వాడాను, ఏం లాభం లేదు అనేవాళ్ల విషయంలో చాలాసార్లు తేడా రకంలో కాదు, మోతాదులో ఉంటుంది. ట్యూబులోంచి చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే వచ్చేది సుమారు అర గ్రాము. ఒక చేతికి ముందు, వెనక రాయడానికి అది సరిపోతుంది. రెండు చేతులకు ఒక గ్రాము. రోజుకు ఆరుసార్లు రాస్తే ఆరు గ్రాములు, అంటే 30 గ్రాముల ట్యూబు ఐదు రోజులకే అయిపోవాలి. అదే ట్యూబు నెలంతా వచ్చిందంటే రోజుకు రాసింది ఒక్కసారికి సరిపడినంతే. ఆరుసార్లకు సరిపడా ఖరీదైన క్రీము కొనడం ఎవరి వల్ల అవుతుంది? అందుకే డాక్టర్లు చాలామంది చవకగా పెద్ద డబ్బాలో దొరికే పెట్రోలియం జెల్లీనో, తెల్ల పారఫిన్ కలిసిన ఆయింట్‌మెంటునో రాసిస్తారు.

రాసే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. చేతులు అద్ది తుడిచాక, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే రాస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. దీనికి వంటవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే: జిడ్డు చేతులతో చపాతీ ఒత్తలేం, గ్లాసు జారిపోతుంది. వాళ్లకు పగలు పల్చటి క్రీము, పని అయ్యాక రాత్రికి చిక్కటి పూత, పైన నూలు గ్లౌజులు అనేది చర్మ నిపుణులు చెప్పే మధ్యేమార్గం.

## గ్లౌజులు పుట్టిందే ఈ బాధ వల్ల

ఆపరేషన్ థియేటర్లో రబ్బరు గ్లౌజులు రోగిని కాపాడటానికి వచ్చాయనుకుంటాం. మొదట వచ్చింది ఒక నర్సు చేతుల కోసం. 1889 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సుకు, చేతులు ముంచే మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణం వల్ల చర్మం పుండ్లు పడింది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీకి చెప్పి ఆమెకు పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. గ్లౌజుల వల్ల రోగులకు ఇన్ఫెక్షన్లు తగ్గుతాయన్నది ఆ తర్వాత తేలిన సంగతి.

అదే గ్లౌజు ఎక్కువసేపు వేసుకుంటే లోపల చెమటతో చెయ్యి నానుతుంది. ఇక్కడి ఉక్కలో అరగంటకే లోపల తడి చేరుతుంది. లోపల నూలు గ్లౌజు వేసుకుంటే ఆ తడిని అది పీలుస్తుంది, తడిసినప్పుడల్లా దాన్ని మార్చాలి. కొందరికి లేటెక్స్ రబ్బరు పడదు, తొడిగిన కాసేపటికే దద్దుర్లు వస్తాయి. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరుకు మారితే లేటెక్స్ సమస్య పోతుంది, కానీ రబ్బరు గట్టిపడటానికి కలిపే రసాయనాలు దానిలోనూ ఉండొచ్చు.

సముద్రోత్పత్తుల ఎగుమతిలో విలువ లెక్కన విశాఖ రేవు దేశంలో ముందువరుసలో ఉంటుంది. ఆ రొయ్య ముందుగా ఆడవాళ్ల చేతుల మీదుగా పోతుంది. తల విరిచేటప్పుడు రొయ్య నెత్తిమీది ముల్లు పల్చటి గ్లౌజుకు సూదిబెజ్జం పెడుతుంది. పైకి కనిపించదు. ఐసు నీళ్లు, నీచు, క్లోరిన్ ఆ బెజ్జంలోంచి దిగి వేలికొసన నిలుస్తాయి, షిఫ్టు అయ్యేదాకా బయటికి పోయే దారి ఉండదు. చిరిగిన గ్లౌజు కంటే వట్టి చెయ్యే నయం అని వాళ్లు అనేది అనుభవంతోనే. గ్లౌజు మార్చుకునే వీలు లేనప్పుడు ఆ మాట కొట్టిపారేయలేం.

## పగిలిన ప్రతి చెయ్యీ ఒకటి కాదు

ఇప్పటిదాకా చెప్పింది కడగడం వల్ల వచ్చే పగుళ్ల గురించి. చూడటానికి ఇలాగే ఉండి కారణం వేరైనవి కొన్ని ఉన్నాయి.

అలర్జీలో చర్మం ఒక నిర్దిష్ట పదార్థాన్ని గుర్తుపెట్టుకుని తిరగబడుతుంది. లేటెక్స్ దద్దుర్లలా తాకిన కాసేపటికే కాదు, ఒకటి రెండు రోజులకు. సిమెంటులో క్రోమేటు, ఫ్యాన్సీ నగల్లో నికెల్, సబ్బుల్లో సువాసనలు, లిక్విడ్లలో ప్రిజర్వేటివ్లు మామూలుగా దొరికే దొంగలు. వంటింట్లో వెల్లుల్లి ఒకటి. కుడిచేతి వాటం వాళ్లు రెబ్బను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలితో పట్టుకుని తరుగుతారు. అలర్జీ ఉంటే ఆ మూడు వేలికొసలే ఎండి చిట్లుతాయి, కుడిచెయ్యి నున్నగా ఉంటుంది. ఇలాంటివి తేల్చడానికి ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానమున్న పదార్థాల్ని వీపు మీద అంటించి 48 గంటలకు తీసి చూస్తారు, మరో రోజు రెండు రోజులకు మళ్లీ చూస్తారు.

ఫంగస్ తరచు రెండు పాదాలకూ ఒక్క చేతికీ వస్తుంది. ఒక అరచెయ్యి మాత్రమే పొడిబారి, గీతల్లో తెల్లటి పొడి కనిపిస్తుంటే కాళ్లు కూడా చూడాలి. సోరియాసిస్‌లో అంచు స్పష్టంగా ఉండే మందమైన మచ్చలు, చాలాసార్లు మోచేతుల మీద కూడా ఉంటాయి. వేళ్ల పక్కల సగ్గుబియ్యం లాంటి నీటిపొక్కులు వచ్చి విపరీతంగా దురద పెడితే అది ఇంకో రకం ఎగ్జిమా. రోజంతా నీళ్లలో ఉండే చేతికి గోరు మొదలు వాచి, మళ్లీ మళ్లీ గోరుచుట్టు వస్తుంటే క్యాండిడా అనే ఈస్టు కూడా తోడై ఉండొచ్చు. షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

అసలు ప్రమాదం ఇక్కడుంది. “బాబూ, చేతులు దురద పెడుతున్నాయి, ఏదో ఒక ట్యూబు ఇయ్యి” అంటే చాలాచోట్ల చేతికొచ్చేది స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీము. రెండు రోజుల్లో దురద పోతుంది, అది స్టిరాయిడ్ మహిమ. ఫంగస్ అయితే లోలోపల పాకుతుంది. ఎగ్జిమా అయితే ఆపగానే తిరగబెడుతుంది, వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. కేంద్రం 2018లో 14 రకాల స్టిరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది కూడా. స్టిరాయిడ్ అంటేనే విషం అనేవాళ్ల వాదన కూడా సరికాదు. ముదిరిన చేతి ఎగ్జిమాకు డాక్టరు చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు వాడితే అదే సరైన మందు. చీము, జ్వరం, మోచేతి వైపు పాకే ఎరుపు కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

## మానడానికి ఎంతకాలం?

డాక్టరు అడిగే ప్రశ్నల్లో ఒకటి చాలా తేలికగా వినిపిస్తుంది: సెలవుల్లో తగ్గుతుందా? సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు పని మానేస్తే తగ్గి, డ్యూటీలో చేరిన వారానికి మళ్లీ మొదలైతే కారణం పనిలోనే ఉంది.

తగ్గినట్టు కనిపించడం, తగ్గడం ఒకటి కాదు. ఎరుపు, చీలికలు రెండు మూడు వారాల్లో పోవచ్చు. లోపలి కొవ్వుల వరస పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో మామూలు సబ్బు కూడా మునుపటికంటే సులువుగా చిరాకు పెడుతుంది. చేతులు నున్నబడ్డాయని క్రీము ఆపేసినవాళ్లకు ఎక్కువగా తిరగబెట్టేది అందుకే.

ఆ నెలల పాటు పని తగ్గించుకోవడం ఎవరికి వీలవుతుందనేది వేరే ప్రశ్న. నర్సుకు సబ్బు బదులు రబ్ దొరుకుతుంది, వార్డు మార్చమని అడగొచ్చు. రసాయనాల వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్‌ను మన కార్మిక చట్టం ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది కాబట్టి, ఫ్యాక్టరీ కార్మికుడికి కాగితం మీదైనా ఒక దారి ఉంది. టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడిగే మనిషి, నాలుగిళ్లలో అంట్లు తోమే పనిమనిషి ఆ జాబితాకు బయటే ఉన్నారు. వాళ్లకు ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది.